వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874 ఆగష్టు 17 - 1945 జనవరి 1) ఆంగ్లికన్ క్రైస్తవ సంఘంలో బిషప్పు పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు. పుట్టుకతో తమిళుడు. అయినా జీవితంలోని చివరి ముప్పై ఆరేళ్ళూ దోర్నకల్ కేంద్రంగా తెలుగు పల్లెలలోనే గడిపాడు. దోర్నకల్ ఆ రోజుల్లో నిజాం రాజ్యంలోని వరంగల్ ప్రాంతంలో ఉండేది. నేడు అది తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉంది. ఆయన అధ్యక్ష మండలంలోని విశ్వాసులు ఆయనను తండ్రిగారు అని పిలుచుకునేవారు.

క్రైస్తవుడు తన విశ్వాసాన్ని నోటితో ప్రకటించడం కంటె ముందు బ్రతుకులో చూపించాలని, ఆ బాధ్యత జీతం తీసుకునే ప్రచారకులది మాత్రమే కాక బాప్తిస్మం పొందిన ప్రతి కూలివాడిది కూడా అని అజరయ్య నమ్మాడు. తెలుగు క్రైస్తవుల వాడుకలో దీనినే సాక్ష్యం అంటారు. ఆయన చేసిన పనులలో చాలావరకు, ఆయన ఎదుర్కొన్న వివాదాలలో ముఖ్యమైనవన్నీ ఈ ఒక్క మాట చుట్టూ తిరిగినవే.

బాల్యం, విద్యాభ్యాసం

అజరయ్య తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెటూరిలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామంలో ఆంగ్లికన్ గురువు. తల్లి ఎల్లెన్. వీరిది నాడార్ కులం. ఆ కాలంలో ఈ కులాన్ని షానార్ అనేవారు. తాళ్ళు ఎక్కి కల్లు, బెల్లం తీయడం వారిలో ఎక్కువమందికి జీవనాధారం. పై కులాలవారు వారిని దేవాలయాలలోనికి రానిచ్చేవారు కారు. థామస్ వేదనాయగం మొదట హిందువు. మిషను పాఠశాలలో చదువుకుంటూ యుక్తవయసులో క్రైస్తవ మతం స్వీకరించాడు. చాలా సంవత్సరాలు ఎదురుచూసిన తరువాత పుట్టిన కుమారుడు కనుక బైబిలులోని హన్నా కథను తలచుకుని తల్లిదండ్రులు ఇతనికి సమూయేలు పేరు పెట్టుకున్నారు.

1889లో తండ్రి మరణించాడు. భక్తి విషయంలోను, క్రమశిక్షణ విషయంలోను తల్లి ప్రభావమే అజరయ్యపై ఎక్కువ. మెజ్ఞానపురం, తిరునెల్వేలి మిషను విద్యాసంస్థలలో చదివిన తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరాడు. అక్కడ కె.టి.పాల్‌తో ఏర్పడిన స్నేహం తరువాతి కాలంలో ఇద్దరూ కలిసి పని చేయడానికి దారి తీసింది. పరీక్షల సమయంలో జబ్బు పడడంతో అజరయ్య పట్టా పొందకుండానే కళాశాల విడిచిపెట్టాడు. ఈ లోటు ఆయనకు పెద్దగా అడ్డు కాలేదు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది.

వై.ఎం.సి.ఏ. సేవ, వివాహం

1895లో అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి 1909 వరకు ఆ ఉద్యోగంలో ఉన్నాడు. దక్షిణ భారతమంతటా తిరిగి విద్యార్థులను, యువకులను కలుసుకోవడం ఆయన పని. అమెరికా నుండి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఈ పర్యటనలలో తోటివాడు. వీరిద్దరూ ఒకే గదిలో బస చేసి, ఒకే పంక్తిలో భోంచేసి, ఒకరి తప్పులు ఒకరు దాచుకోకుండా చెప్పుకునేంత సన్నిహితులయ్యారు. తెల్లవారు, నల్లవారు వేరువేరు బల్లల వద్ద కూర్చునే ఆ రోజుల్లో ఇది అరుదు. తరువాత ఎడిన్‌బరోలో అజరయ్య చేసిన ప్రసంగం వట్టి ఆరోపణ కాదని, అలాంటి స్నేహం సాధ్యమేనని స్వయంగా ఎరిగి చేసినదని గ్రహించడానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1898లో ఆయన అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడాడు. దక్షిణ భారతదేశంలో కళాశాల చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. అజరయ్య కట్నం తీసుకోలేదు. పెళ్ళి ఖర్చు కూడా చాలా తక్కువతో ముగించారు. వీరికి నలుగురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు.

స్వదేశీ మిషను సంఘాలు

1902లో అజరయ్య సింహళంలోని జాఫ్నాకు వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవ విద్యార్థులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు ప్రచారకులను పంపడం చూచి ఆయనకు సిగ్గు కలిగింది. తిరునెల్వేలిలో వారికంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది క్రైస్తవులున్నారు. కాని తమ జిల్లా పొలిమేర దాటి ఎవరికైనా సువార్త చెప్పాలన్న తలంపు వారికి లేదు. అది దొరలు చేయవలసిన పని, దొరల డబ్బుతో జరగవలసిన పని అని అందరూ అనుకునేవారు.

తిరిగివచ్చిన అజరయ్య కొందరు మిత్రులతో కలిసి 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించాడు. భారతీయులు, భారతీయుల ధనంతో, భారతీయుల నిర్వహణలో పని చేయాలన్నది దాని నియమం. ఆ సంఘం తన పనికి ఎంచుకున్న ప్రాంతం దోర్నకల్. తమిళులకు భాష తెలియని, మనుషులు తెలియని, మరొక ప్రభువు ఏలుబడిలోని దేశం అది. రెండేళ్ళ తరువాత, 1905 డిసెంబరు 25న, బెంగాలులోని శ్రీరాంపూర్‌లో పదిహేడుమంది భారతీయ క్రైస్తవులు సమావేశమై జాతీయ మిషనరీ సంఘాన్ని ప్రారంభించారు. విలియం కేరీ పనిచేసిన స్థలం కనుకనే శ్రీరాంపూర్‌ను ఎన్నుకున్నారు. ఈ సంఘానికీ మొదటి కార్యదర్శి అజరయ్యే. వంగ విభజనానంతర స్వదేశీ ఉద్యమం సాగుతున్న రోజులవి. క్రైస్తవులలో ఆ గాలి ఈ రూపంలో వీచిందని చెప్పవచ్చును.

దోర్నకల్ రాక

సంఘానికి కార్యదర్శిగా ఇతరులను దూరప్రాంతాలకు రమ్మని పిలిచేవాడు తాను మాత్రం మద్రాసులో సుఖంగా ఉండడం న్యాయం కాదని అజరయ్యకు తోచింది. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం మానుకుని, గురుపట్టాభిషేకం పొంది, దోర్నకల్ చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. దోర్నకల్ అప్పుడు ఒక చిన్న రైల్వే జంక్షను మాత్రమే. ఆయన మొదట్లో గుడారంలో కాపురముండి, పిల్లలకు పాఠం చెప్పే వయసులో తాను అక్షరాలు దిద్దుకుంటూ తెలుగు నేర్చుకున్నాడు. పల్లెలకు ఎడ్లబండి మీద, కాలినడకన వెళ్ళేవాడు.

అక్కడ ఆయన మాట విన్నవారు అధికంగా మాలలు, మాదిగలు. భూమి లేని కూలీలు. దొరలకు, దేశముఖులకు వెట్టి చేసేవారు. ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేనివారు. వీరు ఒక్కొక్కరుగా గాక గూడెం గూడెంగా, కులపెద్దల నిర్ణయంతో క్రైస్తవంలో చేరడం తెలుగునాట అప్పటికే సాగుతున్నది. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878లో, వేలాదిమంది ఒకేసారి బాప్తిస్మం పొందారు. చరిత్రకారులు దీనిని సామూహిక ఉద్యమం అంటారు.

ఎడిన్‌బరో ప్రసంగం

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవైమందైనా లేరు. అజరయ్యను విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఆయనను నిర్భయంగా మాట్లాడమని ప్రోత్సహించినవారిలో ఒకడు.

అజరయ్య తన ప్రసంగంలో మిషనరీల త్యాగాన్ని కాదనలేదు. వారు తమ ఆస్తిని పేదలకిచ్చారని, అవసరమైతే దేహాన్ని సైతం అర్పించారని ఒప్పుకున్నాడు. అయితే భారతీయ సంఘం వారి నుండి ఇంకా పొందనిది ఒకటున్నదని, అది స్నేహమని చెప్పాడు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన భారతీయ గురువుతో ఒక్కనాడైనా కలిసి భోజనం చేయని, ఇంటికి వస్తే కుర్చీ చూపని మిషనరీలున్నారని, సువార్తలోని ప్రేమను ఇటువంటివారి బ్రతుకులలో జనం ఎలా చదువుకోగలరని ఆయన వాదన. సభలో కొందరు చప్పట్లు కొట్టారు. చాలామంది ఇబ్బందిగా కదిలారు. భారతదేశం నుండి వచ్చిన మిషనరీలలో కొందరు నొచ్చుకున్నారు. ఒక శతాబ్దం గడిచినా ఆ మహాసభను గురించి వ్రాసేవారు ఈ ప్రసంగాన్ని తప్పక పేర్కొంటారు.

జాగ్రత్తగా చూస్తే ఇది జాతి వివక్షపై ఫిర్యాదు మాత్రమే కాదు. దోర్నకల్ పల్లెలలోని కూలీలను ఆయన ఏమి అడిగాడో, ఎడిన్‌బరోలోని దొరలనూ అదే అడిగాడు.

బిషప్పు పదవి

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలులో అజరయ్య దోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఈ నియామకానికి వైట్‌హెడ్ చాలాకాలం పోరాడవలసివచ్చింది. భారతీయుడి అధికారం క్రింద ఐరోపావారు పని చేయడం కుదరదని కొందరు మిషనరీలు అభ్యంతరం చెప్పారు. ఒక షానారుకు ఇంత పదవి ఏమిటని కొందరు భారతీయ క్రైస్తవులే గొణిగారు. పైగా ఆంగ్లికన్ సంఘం అప్పట్లో ప్రభుత్వంతో ముడిపడి ఉండడంతో చట్టపరమైన చిక్కులు కూడా ఎదురయ్యాయి. మొదట ఆయనకిచ్చిన అధ్యక్ష మండలం చాలా చిన్నది. 1920 తరువాత మచిలీపట్నం కేంద్రంగా 1841 నుండి చర్చి మిషనరీ సొసైటీ పనిచేస్తున్న కృష్ణా మండలం, ఆ తరువాత నంద్యాల ప్రాంతం అందులో చేరడంతో అది విస్తరించింది. ఐరోపా మిషనరీలు ఆయన అధికారం క్రింద పని చేయనే చేశారు.

1945లో మరణించేవరకు పూర్తి అధికారం గల డయోసిస్ బిషప్పుగా ఉన్న భారతీయుడు ఆంగ్లికన్ సంఘంలో ఆయన ఒక్కడే. ముప్పై రెండేళ్ళలో రెండవ వ్యక్తిని ఎంచుకోలేకపోవడం ఆ కాలపు అధికారుల మనస్తత్వాన్ని తెలియజేస్తుంది.

పల్లెలలో సాక్ష్యం

అజరయ్య పనివిధానం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఒక గూడెం వారు బాప్తిస్మం కోరితే వెంటనే ఇచ్చేవారు కారు. ముందుగా అక్కడికి ఒక ఉపదేశిని పంపేవారు. అతడే పగలు పిల్లలకు పంతులు, రాత్రి పెద్దలకు బోధకుడు. కూలి ముగించుకుని వచ్చినవారు చీకటి పడ్డాక గంట చప్పుడు విని ప్రార్థనకు చేరేవారు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, బైబిలు కథలు నోటికి నేర్పేవారు. చదువు రానివారికి పాటే పుస్తకం. అందుకే కీర్తనలకు, హరికథ వంటి కాలక్షేపాలకు, జాతర పోలికలో జరిపే క్రైస్తవ ఉత్సవాలకు దోర్నకల్‌లో ప్రాధాన్యం లభించింది.

ఆయన గూడేలకు వెళ్ళినప్పుడు నాలుగు దయ్యాలను వెళ్ళగొట్టాలని చెప్పేవాడు. అవి మురికి, రోగం, అప్పు, తాగుడు. వినడానికి చిన్న సంగతులే. కాని వడ్డీ వ్యాపారికి తాకట్టు పడిన కుటుంబం, కూలి డబ్బులో సగం కల్లు దుకాణంలో పోసే మనిషి ఈ నాలుగింటిని వదిలించుకుంటే ఆ మార్పు ఊరంతటికీ కనబడుతుంది. అది బోధ కంటె గట్టిగా మాట్లాడుతుంది. ఇందుకోసం సహకార సంఘాలు, వైద్యశాలలు, వృత్తివిద్యా పాఠశాలలు, ముద్రణాలయం ఏర్పాటయ్యాయి.

మరొక ఏర్పాటు మరింత విశిష్టమైనది. సంఘాలను దర్శించినప్పుడు ఆయన బాప్తిస్మం పొందినవారందరినీ తమ చేతులు తమ తలలపై ఉంచుకోమనేవాడు. బాప్తిస్మపు నీరు పడిన ఆ తలపై చెయ్యి పెట్టుకుని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ తప్పదన్న పౌలు మాటల భావాన్ని తమకు అన్వయించుకుని పలకాలి. గురువులు మాత్రమే గాక నిన్న మొన్న చేరిన ముసలమ్మలు కూడా ఇలా పలికేవారు. ఏటా ఒక వారాన్ని సాక్ష్య వారంగా ఏర్పరచి, ఆ రోజుల్లో క్రైస్తవులు గుంపులుగా పొరుగు పల్లెలకు వెళ్ళి తమ జీవితాలలో జరిగినది చెప్పుకునేవారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇందులోని కిటుకు సులభంగా అర్థమవుతుంది. పాఠం నేర్చుకున్నవాడు దానిని మరొకరికి చెప్పినప్పుడే అది అతడికి వంటబడుతుంది.

ఇవ్వడం కూడా సాక్ష్యంలో భాగమే అని ఆయన నేర్పాడు. వంటకు ఎసట్లో పోసే బియ్యంలో నుండి పిడికెడు తీసి దేవుని కుండలో వేయడం, కోతల పండుగకు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు తెచ్చి అర్పించడం తెలుగు సంఘాలలో స్థిరపడ్డాయి. తిండికి లేనివారి నుండి కానుక అడగడమేమిటని విదేశీయులు ఆశ్చర్యపడ్డారు. ఇంతకాలం పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరుగనివాడు, ఇచ్చిన రోజున తలెత్తుకుని నిలబడతాడని అజరయ్య అభిప్రాయం.

దీనికి మూల్యం కూడా ఉండేది. క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవతల కొలుపులకు డప్పు కొట్టమంటే నిరాకరించేవారు. మాలలు ఆదివారం వెట్టికి రామనేవారు. భూస్వాములకు కోపం వచ్చేది. కూలి నిలిపివేయడం, దెబ్బలు, ఇళ్ళకు నిప్పు, దొంగ కేసులు తెలుగు పల్లెలలోని ఈ ఉద్యమ చరిత్రలో పదే పదే కనిపిస్తాయి. అటువంటప్పుడు కూడా పని మానకుండా, దొంగతనం చేయకుండా, బూతులు మాట్లాడకుండా నిలబడ్డవారిని చూచి పై కులాలవారిలో ఆలోచన మొదలైంది. 1920ల చివరి నుండి దోర్నకల్ మండలంలోని అనేక గ్రామాలలో శూద్ర కులాల రైతు కుటుంబాలు వేల సంఖ్యలో క్రైస్తవంలో చేరాయి. తమ పొలంలో పనిచేసే మాల, మాదిగలలో కనబడిన మార్పే తమను కదిలించిందని వారు చెప్పుకున్నారు. తెలుగు సమాజ చరిత్రలో ఇది గమనార్హమైన విషయం. ఎప్పుడూ పైనుండి క్రిందికి ప్రవహించే ఆదర్శం ఇక్కడ క్రిందినుండి పైకి పారింది.

ఈ పనిలో అన్బు మరియమ్మాళ్ పాత్ర తక్కువది కాదు. దోర్నకల్ దైవశాస్త్ర పాఠశాలలో చేరే ఉపదేశుల భార్యలకు కూడా చదువు చెప్పేవారు. పల్లెకు పంపేది ఒక మనిషిని కాదు, ఒక కాపురాన్ని అనేది అజరయ్య దంపతుల ఉద్దేశం. భార్యాభర్తలు ఒకరినొకరు గౌరవించుకోవడం, ఆడపిల్లను బడికి పంపడం, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం చూసి నేర్చుకోవలసినవే గాని వినిపిస్తే వచ్చేవి కావు. తల్లుల సంఘాన్ని కూడా ఆమె నడిపింది.

1930ల నడుమకు దోర్నకల్ మండలంలో సుమారు 250 మంది భారతీయ గురువులు, రెండువేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు పనిచేస్తున్నారు. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

గాంధీజీతో భేదాభిప్రాయం

సాక్ష్యం అనే మాటకు అతి కఠినమైన పరీక్ష 1930లలో వచ్చింది. 1932 నాటి కమ్యూనల్ అవార్డులో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు అజరయ్య దానిని వ్యతిరేకించాడు. సంఘం రాజకీయ వర్గంగా మారితే దాని సాక్ష్యం చెడుతుందని ఆయన భయం. ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో గాంధీజీ వైఖరి కూడా ఇటువంటిదే. అయితే ఈ ఏకాభిప్రాయం ఎక్కువకాలం నిలువలేదు.

పూనా ఒప్పందం తరువాత గాంధీజీ హరిజనోద్ధరణ యాత్ర ప్రారంభించి 1933 డిసెంబరులో ఆంధ్రలోనూ పర్యటించాడు. 1935 అక్టోబరులో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా మరణించనని యేవలాలో ప్రకటించడంతో అస్పృశ్య వర్గాల మతాంతరం దేశవ్యాప్త చర్చగా మారింది. 1936 చివరలో చర్చి మిషనరీ సొసైటీ ఆంధ్రలోని సామూహిక ఉద్యమానికై విరాళాలు కోరుతూ విజ్ఞప్తి చేసింది. గాంధీజీ తన హరిజన్ పత్రికలో దానిని తీవ్రంగా విమర్శించాడు. నిరుపేదలైన హరిజనులకు మతసిద్ధాంతాల మధ్య తారతమ్యం తెలుసుకునే శక్తి లేదని, బడి, మందు, ఆశ చూపి వారిని మార్చడం న్యాయం కాదని ఆయన వాదం. సేవ చేయదలచిన క్రైస్తవులు ప్రతిఫలంగా మతమార్పిడిని ఆశించకుండా చేయాలని, మంచి జీవితం పూవు వంటిదని, దాని పరిమళం దానంతటదే వ్యాపిస్తుందని, చాటింపు వేయనక్కరలేదని ఆయన అభిప్రాయం.

అజరయ్య ఇందులో సగం ఒప్పుకున్నాడు. మోసంతోను, ప్రలోభంతోను జరిగే మార్పిడి తప్పని ఆయన కూడా చెప్పాడు. చాటింపు కంటె జీవితం ముఖ్యమని ఆయన పాతికేళ్ళుగా చెబుతున్నదే. కాని మాల, మాదిగలకు ఆత్మ విషయాలు తెలియవనే మాటను ఆయన అంగీకరించలేకపోయాడు. పేదవాడికి ఆకలి మాత్రమే ఉంటుందని, భక్తి ఉండదని అనడం వాడిని తక్కువ చేయడమే అని ఆయన అభిప్రాయం. విశ్వాసం కోసం దెబ్బలు తిన్నవారిని ఆయన స్వయంగా ఎరుగును. పైగా మౌనంగా ఉండే సాక్ష్యం సగం సాక్ష్యమేనని, తనకు దొరికిన మేలు పొరుగువాడికి చెప్పుకునే స్వేచ్ఛ మనిషికి ఉండాలని ఆయన వాదించాడు. ఆయన అధ్యక్షుడుగా ఉన్న జాతీయ క్రైస్తవ మండలి ఆధ్వర్యంలో జె.వాస్కం పికెట్ జరిపిన అధ్యయనం 1933లో వెలువడింది. క్రైస్తవులైన వారి ఉద్దేశాలు పలు రకాలని, లౌకిక కారణాలు ఉన్నా వారి జీవితాలలో మార్పు నిజమని ఆ గ్రంథం వివరించింది.

ఈ వివాదంలో ఎవరి పక్షం వహించినా, ఒక సంగతి మాత్రం తోస్తుంది. ఇద్దరూ పల్లెటూరి అస్పృశ్యుల మేలునే కోరారు. ఇద్దరూ మద్యపానాన్ని, మురికిని, అప్పును ద్వేషించారు. సాధారణ జీవనం, నియమబద్ధమైన దినచర్య ఇద్దరిలోనూ ఉన్నాయి. నిర్ణయించుకునే హక్కు ఎవరిది అన్న చోట విడిపోయారు. జాతీయోద్యమం ఉధృతంగా ఉన్న ఆ రోజుల్లో గాంధీజీకి ఎదురు నిలవడం వలన అజరయ్య పేరు దేశచరిత్ర గ్రంథాలలో మరుగున పడింది. సూసన్ బిల్లింగ్‌టన్ హార్పర్ 2000లో ప్రచురించిన ఆయన జీవితచరిత్ర పేరులోనే మహాత్ముని నీడ ప్రస్తావన ఉండడానికి కారణం ఇదే.

సంఘ ఐక్యతకు కృషి

ఒకే ఊరిలో ఒక వీధి వారు ఆంగ్లికన్లు, మరో వీధి వారు లూథరన్లు, పక్క ఊరివారు బాప్టిస్టులు. తెలుగునాట ఈ విభజనలన్నీ దిగుమతి సరుకే. ఎన్నడూ చూడని ఐరోపా దేశాల తగాదాలను పట్టుకుని గూడెం వారు విడిపోవడం అజరయ్యకు బాధ కలిగించింది. ప్రేమను ప్రకటించేవారు తమలో తాము ఒకే బల్ల వద్ద కూర్చోలేకపోతే వినేవారు ఎందుకు నమ్మాలి? అంబేద్కర్ తనతో మాట్లాడినప్పుడు క్రైస్తవులైతే తమవారు ఏ శాఖలో చేరాలి, అందరూ ఒకటిగా ఉండగలరా అని అడిగాడని, దానికి తన వద్ద సమాధానం లేకపోయిందని అజరయ్య చెప్పుకున్నట్లు ప్రసిద్ధి.

1919 మే నెలలో తరంగంబాడిలో ఆంగ్లికన్, దక్షిణ భారత ఐక్య సంఘాలకు చెందిన గురువులు సమావేశమై ఐక్యతకు పిలుపునిస్తూ ప్రకటన చేశారు. వారిలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ భారతీయులే. దీనికి ప్రధాన ప్రేరకులలో అజరయ్య ఒకడు. ఆ తరువాత చర్చలు పాతికేళ్ళకు పైగా సాగాయి. బిషప్పుల అధికారం, గురువుల అభిషేకం వంటి విషయాలపై ఇంగ్లండులో ఎడతెగని తర్కం జరిగింది. ఆయన ఓపిక పట్టి లాంబెత్ మహాసభలలోను, ఇక్కడి సంఘాలలోను ఈ విషయాన్ని విడువక వాదించాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దానిని చూడడానికి ఆయన లేడు. ఆయన మండలంలోనే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అనేకులు ఆ ఐక్యతకు దూరంగా ఉండిపోయారు.

దోర్నకల్ దేవాలయం

దోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రలు నిర్మాణం పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరి 6న దానిని ప్రతిష్ఠించారు. దేవాలయ స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినారులు, క్రైస్తవ ఆరాధన స్థలపు అమరిక ఇందులో కలిసి ఉంటాయి. నిజాం రాజ్యంలోని హిందువులకు, ముస్లిములకు ఇది పరాయి కట్టడంగా తోచకూడదని అజరయ్య కోరిక. ఇంగ్లీషు పల్లెటూళ్ళ చర్చీలకు నకలుగా ఇక్కడ చర్చీలు కట్టిన కాలంలో ఇది కొత్త ఆలోచన. దీనికి కొన్ని వారాల ముందే, 1938 డిసెంబరులో, మద్రాసు సమీపంలోని తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మండలి సభ జరిగింది. సుమారు 470 మంది ప్రతినిధులు వచ్చిన ఆ సభకు ఆతిథ్యమిచ్చినవారిలో అజరయ్య ప్రముఖుడు. ఎడిన్‌బరోలా కాక ఇక్కడ ఆసియా, ఆఫ్రికా ప్రతినిధులు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

రచనలు, విమర్శలు

అజరయ్య ఎక్కువగా గ్రామ గురువులకు, ఉపదేశులకు ఉపయోగపడే చిన్న పుస్తకాలే వ్రాశాడు. బాప్తిస్మం, దృఢీకరణ, క్రైస్తవ దాతృత్వం ఆయన విషయాలు. దాతృత్వంపై వ్రాసిన పుస్తకం మరణానంతరం 1954లో పునర్ముద్రణ పొంది ఇతర దేశాలకు కూడా చేరింది. భారత గ్రామాలలో క్రైస్తవం గురించి వైట్‌హెడ్‌తో కలిసి వ్రాసిన గ్రంథం 1930లో వెలువడింది.

ఆయన లోపాలను కూడా చెప్పాలి. క్రమశిక్షణ విషయంలో కఠినుడు. అధికారం తన చేతిలోనే ఉంచుకునేవాడని కొందరు సహచరులు ఆరోపించారు. భారతీయత గురించి మాట్లాడినా ఆరాధన క్రమంలో ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని పెద్దగా మార్చలేదు. కులం విడిచిపెట్టాలని ఆయన ఎంత బోధించినా మాల, మాదిగ సంఘాల మధ్య పొరపొచ్చాలు సమసిపోలేదు. పెళ్ళి సంబంధాల వద్ద అవి మరింత స్పష్టంగా కనిపించేవి. ఏ పల్లెలనైతే ఆయన సాక్షులుగా నిలబడమన్నాడో, ఆ పల్లెలలోనే ఈ పని సగంలో ఆగింది.

మరణం, స్మృతి

డెబ్బయ్యేళ్ళ వయసులో కూడా అజరయ్య గ్రామ పర్యటనలు మానలేదు. అటువంటి పర్యటన తరువాత జ్వరం సోకి 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశాడు. కథీడ్రలు ఆవరణలోనే ఆయనను సమాధి చేశారు. విజయవాడలో ఆయన పేరు మీద బాలికల ఉన్నత పాఠశాల ఉంది. ఇంగ్లండు సంఘం తన పంచాంగంలో జనవరి 2వ తేదీని ఆయన సంస్మరణ దినంగా చేర్చింది. దోర్నకల్ అధ్యక్ష మండలం 1947 నుండి దక్షిణ ఇండియా సంఘంలో భాగంగా ఉంది.